ఇల్లు అమ్మాం, బ్రోకరుకు ఒక్క పర్సెంటే ఇచ్చాం: నా అనుభవం

వనస్థలిపురంలో అమ్మ పేరు మీదున్న మా ఇంటి రిజిస్ట్రేషన్ పోయిన గురువారం అయిపోయింది. డబ్బు అమ్మ ఖాతాలో పడింది. బ్రోకరుకు ఒక్క పర్సెంట్ ఇచ్చి, సంతకంతో రసీదు తీసుకున్నాం. ఇల్లు అమ్మడంలో మిగతావన్నీ ఓపిక ఉంటే జరిగిపోయే పనులే. కమిషన్ దగ్గర మాత్రం మనల్ని నలుగురిలో నిలబెట్టి పరువు తీయడానికి చూస్తారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నూట యాభై గజాల స్థలం, గ్రౌండ్ ప్లస్ వన్, తూర్పు ముఖం. నాన్న ఆర్టీసీ జీతంతో కట్టిన ఇల్లు. ఆయన పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది, మోకాళ్లు పనిచేయడం లేదు, మేడ మెట్లు ఎక్కి ఏడాది దాటింది. ఈసీ, అంటే ఆస్తి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయో లేదో చూపించే కాగితం, ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఇంటి పన్ను, కరెంటు బకాయిలు లేకుండా చూసుకున్నాం. లింకు డాక్యుమెంట్లు, అంటే ఈ ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, లాయరుకు చూపించాం, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

పాత ఇంటి అమ్మకంలో బ్రోకరుకు ఇంత ఇవ్వాలని ఏ చట్టంలోనూ లేదు. హైదరాబాద్‌లో చాలామంది ముందు రెండు పర్సెంట్ అడుగుతారు, అదీ అమ్మేవాళ్ల దగ్గరా, కొనేవాళ్ల దగ్గరా. గట్టిగా మాట్లాడితే ఒకటికి వస్తారు. "అందరూ రెండే ఇస్తారమ్మా, గొడవెందుకు" అని మా బాబాయి కూడా అన్నాడు. కోటి ముప్పై లక్షల ఇంటికి రెండు పర్సెంట్ అంటే రెండు లక్షల అరవై వేలు. రెండువైపులా కలిపితే ఐదు లక్షల ఇరవై వేలు. నాన్న ఎన్ని నైట్ డ్యూటీలు చేస్తే అంత డబ్బు చూశాడో బాబాయికి తెలియదా? గొడవ వద్దనేవాళ్లు తమ జేబులోంచి ఇవ్వరు.

మొదట వచ్చిన బ్రోకరు నెట్ రేటు పద్ధతి చెప్పాడు. "మీకు చేతికి ఎంత రావాలో చెప్పండి మేడం. పైన ఎంత వస్తే అది మాది. మీరు కమిషనే ఇవ్వక్కర్లేదు." వినడానికి బాగుంటుంది. కానీ అలా ఒప్పుకుంటే మన ఇంటికి అసలు ఎంత ధర పలికిందో మనకే తెలియదు. పైన తేడా ఎటూ నగదులోనే నడుస్తుంది, డాక్యుమెంటులో ఒక లెక్క, బయట ఇంకో లెక్క. పైగా అది అమ్మ పేరు మీద జరిగే అమ్మకం. రేపు ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వస్తే జవాబు చెప్పాల్సింది ఆవిడ. వద్దని పంపించేశాను. మీరూ వద్దనే చెప్పండి, ఎంత తియ్యగా మాట్లాడినా.

రెండో అతను ఒక్క పర్సెంట్‌కు ఒప్పుకున్నాడు. అప్పుడే, ఒక్క పార్టీ కూడా ఇల్లు చూడకముందే, వాట్సాప్‌లో ఈ మెసేజ్ పెట్టాను: "మా ఇంటి అమ్మకానికి మా వైపు కమిషన్ మొత్తం 1 శాతం. సేల్ డీడ్‌లో రాసిన ధర మీద. మీతో పాటు ఎంతమంది మధ్యవర్తులున్నా అందులోనే పంచుకోవాలి. రిజిస్ట్రేషన్ పూర్తయిన రోజు బ్యాంకు ద్వారా ఇస్తాం. మీరు రసీదు ఇవ్వాలి. ఒరిజినల్స్ ఇవ్వం, జిరాక్స్ మాత్రమే ఇస్తాం." అతను "ఓకే మేడం" అని జవాబిచ్చాడు. ఆ రెండు మాటలే తర్వాత మమ్మల్ని కాపాడాయి.

పార్టీలు వచ్చారు, చూశారు, వెళ్లారు. ఒక కుటుంబానికి నచ్చింది. సిట్టింగ్ వేద్దామని, అంటే కూర్చుని ధర తేల్చుకుందామని, బ్రోకరు తన ఆఫీసుకు రమ్మన్నాడు.

అమ్మను తీసుకుని వెళ్లాను. అక్కడ అతను ఒక్కడు కాదు, ఇంకో ముగ్గురున్నారు. వాళ్లెవరో మాకు తెలియదు. మమ్మల్ని ముందు గదిలో, కొనేవాళ్లను లోపలి గదిలో కూర్చోబెట్టారు. బ్రోకరు ఈ గదిలోకీ ఆ గదిలోకీ తిరుగుతున్నాడు. మేము కోటి ముప్పై ఐదు చెప్పాం, ముప్పై వరకు దిగుదామని అమ్మా నేనూ ఇంట్లోనే అనుకున్నాం. "పార్టీ కోటి ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయింది మేడం, లోను కూడా అంతకు మించి రాదట, ఈ పార్టీ పోతే మళ్లీ ఆరు నెలలు" అన్నాడు. గంట గడిచింది. అమ్మకు అలా కుర్చీలో కూర్చోవడమే కష్టం. మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మార్కెట్ పడిపోయిందని, పాత కట్టడానికి విలువ లేదని, మెట్లు వీధిపోటు వైపున్నాయని చెబుతూనే ఉన్నారు. మా ఇంటికి వీధిపోటు లేదు!

అమ్మ బాత్రూమ్‌కు వెళ్దామంటే లేపి తీసుకెళ్లాను. అక్కడ కొనేవాళ్ల ఇల్లాలు కనిపించింది. ఆవిడే అమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది: "పెద్దమ్మా, కోటి ముప్పై ఎనిమిది కింద మాటే వద్దన్నారట, కాస్త చూడకూడదా? మేం ముప్పై దాకా వస్తామని ఎప్పుడో చెప్పాం కదా."

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. మేము ముప్పై ఎనిమిది అని ఎప్పుడూ అనలేదు. వాళ్లు ఇరవై నాలుగు దగ్గర ఆగలేదు. ధర పెరిగితే అతని పర్సెంట్ కూడా పెరుగుతుంది కదా, మరి ఇలా ఎందుకు చేస్తాడు? ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే తెలిసింది. ధర ఆరు లక్షలు తగ్గితే మా వైపు కమిషన్‌లో అతనికి తగ్గేది ఆరు వేలు. మాకు పోయేది ఆరు లక్షలు. అతనికి ధరతో పని లేదు, ఇవాళే ముగిసిపోవాలి. రెండువైపులా లేని దూరాన్ని పెంచి చూపించి, చివర్లో దాన్ని తనే పూడ్చినట్టు చేసి, ఆ కష్టానికి రెండేసి పర్సెంట్లు అడగాలన్నదే ప్లాన్. మన తరఫున బేరమాడేవాడు అనుకుని బ్రోకరుకు మన చివరి ధర చెప్పకండి. నేను చెప్పలేదు కాబట్టే ఆ ఇంటికి న్యాయమైన ధర వచ్చింది.

నేను అమ్మను తీసుకుని నేరుగా లోపలి గదిలోకి వెళ్లి కూర్చున్నాను. "మేం ముప్పై ఐదు అన్నాం, మీరేమన్నారో మీ నోటితోనే చెప్పండి" అన్నాను. అప్పుడు బ్రోకరు అందరి ముందూ గొంతు పెంచాడు. "ఇది పద్ధతి కాదు మేడం. పార్టీతో నేరుగా మాట్లాడి మా పొట్ట కొడదామనుకుంటున్నారా? మీ ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పిలవండి, వాళ్లతో మాట్లాడతాం." మిగతా ముగ్గురిలో ఒకడు, "కమిషన్ ఎగ్గొట్టేవాళ్లు ఇలాగే చేస్తారు" అన్నాడు, కొనేవాళ్లు వింటుండగా. అమ్మ తల దించుకుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, జీవితంలో ఒక్కరికి ఒక్క రూపాయి బాకీ పడని మనిషి, ముక్కూ మొహం తెలియని వాడి చేత ఎగ్గొట్టేవాళ్లని అనిపించుకుంది. నాకు చేతులు వణికాయి.

ఇరవై రెండేళ్లుగా నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇళ్ల లోన్ల కాగితాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ఆస్తి అమ్మ పేరు మీద ఉంది, సంతకం అమ్మది, మాట్లాడేది ఆవిడ కూతురు. ఇందులో మగవాళ్లతో ఏం పని? భర్త పోయిన ఆడవాళ్ల ఆస్తి అనగానే బేరం సులువని అనుకునే అలవాటు ఈ వ్యాపారంలో ఎక్కువ. అది పోవాలి. దాన్ని పోగొట్టడానికి మనం గదిలోంచి లేచి వెళ్లిపోకూడదు.

నేను లేవలేదు. ఫోన్ తీసి ఆ మెసేజ్ గట్టిగా చదివాను, అతను "ఓకే మేడం" అన్నదీ చదివాను. గది అంతా నిశ్శబ్దం. కొనేవాళ్ల పెద్దాయన నవ్వి, "మాకు రెండు పర్సెంట్ చెప్పావే?" అని బ్రోకరును అడిగాడు. అక్కడే, వాళ్ల ముందే కోటి ముప్పై ఒకటికి మాట ఖాయమైంది.

అయినా వదల్లేదు. అగ్రిమెంట్ రోజు సగం కమిషన్ ముందే కావాలన్నాడు, అదీ నగదుగా, అడ్వాన్సు నగదుగా తీసుకుంటే అందులోంచి ఇచ్చేయొచ్చని సలహా కూడా చెప్పాడు. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమే పెనాల్టీ పడొచ్చు. ఆ సలహా ఇచ్చేవాడికి ఏమీ కాదు, తీసుకున్న అమ్మకు అవుతుంది. తర్వాత, పార్టీని తెచ్చింది ఇంకొకతను కాబట్టి అతనికి వేరే ఒక పర్సెంట్ ఇవ్వాలన్నాడు.

మా పిన్ని కొడుకు లాయరు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో ఏజెంట్ల గురించి ఉన్న సెక్షన్లు చదివి వినిపించాడు. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదని 219వ సెక్షన్. పనిలో తప్పుడు నడత ఉంటే ఆ భాగానికి ప్రతిఫలం అడిగే హక్కు ఉండదని 220. అన్నిటికంటే ముఖ్యమైనది 221: వేరే ఒప్పందం లేకపోతే, తనకు రావాల్సింది ఇచ్చేదాకా తన చేతికొచ్చిన కాగితాలను ఏజెంటు అట్టిపెట్టుకోవచ్చు. అందుకే ఒరిజినల్స్ అతని చేతికి ఇవ్వకూడదు. లాయరుకు చూపించడానికి, బ్యాంకుకు చూపించడానికి మీరే పట్టుకెళ్లండి. మా అగ్రిమెంట్‌ను కూడా పిన్ని కొడుకే రాశాడు. అతనికి మేము ఫీజు ఇచ్చాం, చుట్టమని ఊరికే చేయించుకోలేదు. పనిచేసిన మనిషికి డబ్బు ఇవ్వడం మాకు తెలుసు.

రిజిస్ట్రేషన్ మామూలుగా జరిగింది. స్లాట్, సాక్షులు, ఫొటోలు, వేలిముద్రలు. కొనేవాళ్లు ధరలోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుని అమ్మ పాన్ మీద కట్టారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గేటు దగ్గర ఆ నలుగురూ నిలబడి ఉన్నారు. బ్రోకరు బ్యాంకు ఖాతాకు అక్కడే లక్షా ముప్పై ఒక్క వేలు పంపాను. రసీదు నేనే టైపు చేసి తెచ్చాను: పేరు, పాన్ నంబరు, ఏ ఇంటి అమ్మకానికి, మొత్తం ఎంత, ఇక ఎవరికీ బాకీ లేదన్న మాట. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయించాను. సంతకం చేయడానికి గొణిగాడు గానీ చేశాడు. జీఎస్టీ కూడా అన్నాడు. జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తే కడతానన్నాను, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ రసీదుతో ఇంకో పని ఉంది. క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో, అంటే ఆస్తి అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లెక్కలో, అమ్మకానికి అయిన ఖర్చుగా బ్రోకరు కమిషన్‌ను తీసేయవచ్చు. మా ఆడిటరు మొదట అడిగిన కాగితం ఇదే. నగదుగా రెండు పర్సెంట్ ఇచ్చి రసీదు లేకుండా వచ్చిన మా పక్కింటివాళ్లకు ఆ లాభం కూడా లేదు.

పార్టీని తెచ్చాడని బ్రోకరు చెప్పిన ఆ ఇంకొకతను మొన్న అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్ నాకు ఇవ్వకుండా తనే మాట్లాడింది, రసీదులో అన్నీ రాసి ఉన్నాయి, మీ వాళ్లనే అడుక్కోండి అని పెట్టేసింది.

ఇప్పుడు అమ్మకు నాగోలు వైపు లిఫ్టున్న ఫ్లాట్ చూస్తున్నాం, కొత్త ప్రాజెక్టుల్లో. రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదైన ప్రాజెక్టులో ఫ్లాట్ అమ్మిపెట్టే ఏజెంటు 2016 చట్టం ప్రకారం తను కూడా రెరాలో నమోదై ఉండాలి. నిన్న ఒకతను వచ్చాడు. నంబరు అడిగాను. చూపించాడు, సైట్‌లో సరిచూసుకున్నాను. మీ కమిషన్ ఎవరిస్తారని అడిగాను. బిల్డరే ఇస్తాడు, మీ దగ్గర ఏమీ తీసుకోం అన్నాడు. ఆ మాటే మెసేజ్‌గా పెట్టమన్నాను. పెట్టాడు. ఆదివారం అమ్మను తీసుకెళ్లి చూపిస్తాను.