ఇసుకలో ఇనుప గుండు

నిన్న మా పాప, నేను బేసిను నిండా సన్న ఇసుక పోసి బేరింగు గుండు వదిలాం. 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చిన్న గుంట పడింది. గుంట వెడల్పు రెట్టింపు కావడానికి ఎత్తు రెండింతలు చాలనుకున్నాను. పదహారింతలు కావాల్సి వచ్చింది! పాప కుర్చీ ఎక్కి 160 సెంటీమీటర్ల నుంచి వదిలింది. అంచున రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ జారుతుంటే ఊపిరి బిగబట్టి చూశాం. దెబ్బలోని శక్తి చాలావరకు ఆ రాపిడిలోనే కరిగిపోతుంది.

2020 అక్టోబరులో నాసా వ్యోమనౌక ఒసైరిస్-రెక్స్ బెన్నూ గ్రహశకలాన్ని తాకినప్పుడు నేల దాదాపు అడ్డుకోనే లేదు. నౌక చెయ్యి అర మీటరు లోతుకు దిగిపోయింది. ఈ సంగతి చెప్పగానే పాప ఇసుకను మళ్లీ జల్లించి, బేసిను కదపకుండా వదులుగా పోసింది. ఈసారి గుండు కనిపించకుండా మునిగిపోయింది.