అవ్వ మంచం, మెత్తటి బ్రేకు

అవ్వ పోయాక ఆమె టేకు పట్టెమంచం పలమనేరు ఇంటి వసారాలోనే పడి ఉంది. దాన్ని బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి తెచ్చుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నా. చిన్నాన్న దగ్గర 2009 నాటి పికప్ ఉంది. పోయిన నెల దానికి పెడల్ తొక్కితే బ్రేకాయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్, ఆ ఆయిల్‌తో షూలని తోసే వెనక వీల్ సిలిండర్లు, బ్రేక్ షూలు అన్నీ మార్పించాడు. "బండి కొత్తదైపోయిందిరా, వచ్చెయ్" అని ఫోన్ చేశాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం, నడిపేది చిన్నాన్న. ఊరు దాటకముందే నాకు విషయం అర్థమైంది. మొదటిసారి తొక్కితే పెడల్ సగానికి పైగా ఉత్తినే దిగిపోతోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైకొచ్చి పట్టుకుంటోంది.

"బ్రేకాయిల్ గొట్టాల్లో గాలి ఉంటే పెడల్ మెత్తబడుతుందని మూడుసార్లు గాలి తీసినారు. ఇంకా అట్నే ఉండాది. రెండుసార్లు తొక్కితే సరిపోతుందిలే," అన్నాడు చిన్నాన్న.

అప్పుడే వెనక్కి తిప్పాల్సింది. తిప్పలేదు, మా ఇద్దరిదీ తప్పే. మొగిలి ఘాటు చిత్తూరు వైపు ఉండబట్టి బతికిపోయాం. ఆ దిగుడు ఇటువైపు ఉంటే నేను బండి ఎక్కేవాణ్ణే కాదు.

నంగలి దాటి ముళబాగిలు దాకా నలభైలోనే పోయాం. అక్కడ దోసె తిన్నాం. పైన కరకర, లోపల మెత్తన. మెత్తగా ఉండాల్సింది అదొక్కటే అనిపించింది. కోలారు దగ్గర టమాటా బండ్ల మధ్య భయంభయంగా సాగి, హోసకోటె మీదుగా కె.ఆర్.పురం వేలాడే వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదైంది. ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. చిన్నాన్న కంగారులో బ్రేకు తొక్కుతూనే హ్యాండ్‌బ్రేక్ కూడా లాగేశాడు. ఆటోకి జానెడు దూరంలో ఆగాం. ఆటో అతను కన్నడంలో ఏదో అన్నాడు, అర్థమైనా కానట్టే ఉన్నాం.

కాసేపటికి చిన్నాన్న మెల్లగా అన్నాడు, "ఒరే, ఇప్పుడు పెడల్ గట్టిగా తగిలిందిరా."

ఇంటికి పోకుండా నేరుగా మారతహళ్లిలో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకి పోయాం. అతనిది మదనపల్లె. ఇంజన్ ఆన్‌లో ఉంచి, పెడల్ తొక్కి నిమిషంసేపు అలాగే పట్టుకున్నాడు. పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల లీకున్నట్టట. జారలేదు. చక్రాల దగ్గర ఆయిల్ తడి లేదు. చిన్నాన్న వంతెన దగ్గర జరిగింది చెప్పేసరికి అతని మొహం వెలిగింది. హ్యాండ్‌బ్రేక్ లాగి తొక్కాడు, పెడల్ పైనే గట్టిగా ఆగింది. వదిలి తొక్కాడు, మళ్లీ దిగిపోయింది.

"గాలి ఉంటే హ్యాండ్‌బ్రేక్ లాగినా మెత్తగానే ఉంటుందన్నా. చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తి ఆపేవి షూలు, అవి డ్రమ్ముకి దూరంగా ఉండాయి. హ్యాండ్‌బ్రేక్ వాటిని దగ్గరికి తోస్తోంది, అంతే."

పాత డ్రమ్ములు అరిగి అంచున గట్టు కట్టాయి. కొత్త షూల మీదికి డ్రమ్ము ఎక్కడానికి ముందు బాగుచేసిన మెకానిక్, షూలని డ్రమ్ముకి దగ్గరగా దూరంగా జరిపే అడ్జస్టర్‌ని పూర్తిగా వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పలేదు. దానంతట అదే సర్దుకోవాల్సిన ఏర్పాటేమో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తొక్కిన ఆయిలంతా ఆ సందు పూడ్చడానికే పోతోంది. లేని గాలి కోసం మూడు సీసాల ఆయిల్ పారబోశారన్నమాట.

అతను రెండు వైపులా అడ్జస్టర్లు విప్పి శుభ్రం చేశాడు. డ్రమ్ము ఎక్కించాక వెనక రేకు కంతలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి పళ్ల చక్రం తిప్పాడు. చక్రం కాస్త రాసుకునేదాకా బిగించి, రెండు మూడు పళ్లు వెనక్కి వదిలాడు. సీట్లో దొరికిన సగం బ్రేకాయిల్ సీసా ఎప్పుడు తెరిచిందని అడిగాడు. పోయినేడాదిదట. అవతల పారేశాడు. ఆ ఆయిల్ తేమ పీలుస్తుంది. డాట్ 3 అనే రకం బ్రేకాయిల్ కొత్తప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 140కే దిగిపోతుంది.

చిన్నాన్నకి నమ్మకం కలగలేదు. మా వీధి మలుపులో పాత అలవాటుకొద్దీ కాలంతా పెట్టి తొక్కాడు. బండి టక్కున ఆగింది. వెనక తాడు సరిగ్గా కట్టని అవ్వ మంచం జారి, కోడు వచ్చి క్యాబిన్ అద్దానికి ఠంగున తగిలింది.