ఘాటీలో లాగని డీజిల్ బండి: టర్బో మార్చాలన్నారు, మార్చింది హోస్ పైపు

విశాఖ నుంచి అరకు బయల్దేరితే శృంగవరపుకోట దాకా బండి హాయిగా నడిచింది. 2013 మోడల్ డీజిల్ కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. బొడ్డవర దాటి ఘాటీ ఎక్కడం మొదలయ్యాక కథ మారింది. సెకండ్ గేర్లో యాక్సిలరేటర్ అడుక్కి తొక్కినా స్పీడు ముప్పై దాటదు. ఇంజిన్ గొంతు బొంగురుపోయింది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు రెండు వేల దగ్గరే నిలబడిపోయింది. ఏసీ కట్టేసినా తేడా లేదు. వెనక బైకు మీద వస్తున్న కుర్రాడు పక్కకి వచ్చి, "అన్నా, నల్లటి పొగ చిమ్మేస్తంది, చూసుకోండి" అని చెప్పి వెళ్లాడు. అప్పటికే ఇంజిన్ లైటు వెలిగింది.

రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట ఆపాను. నాన్న దిగి వెనక టైరుకి రాయి అడ్డం పెట్టారు. కీ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్క కిలోమీటరు బాగానే ఎక్కింది, మళ్లీ అదే తంతు. వెనక సీట్లో అమ్మ, పాప ఉన్నారు. పక్కన లోయ, వెనక బస్సు హారన్. ఆ అరగంట నాకు చాలా భయం వేసింది. అనంతగిరి దాకా ఫస్ట్ గేర్లో ఈడ్చుకెళ్లి, అక్కడి నుంచే వెనక్కి తిప్పేశాను.

ఇంటికొచ్చాక తలో మాటా చెప్పారు. క్లచ్ ప్లేట్ అరిగిందని మా బావగారు అన్నారు. క్లచ్ జారితే ఆర్‌పీఎం పైకి పోయి స్పీడు మాత్రం పెరగదు. నాకు ఆర్‌పీఎమ్మే పెరగడం లేదు, కాబట్టి అది కాదు. ఎత్తుకి వెళ్తే గాలి పలచబడుతుందని ఇంకొకరన్నారు. నిజమే, వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి పదో వంతుకు పైగా తగ్గుతుంది. కానీ నా బండి కొండ మొదట్లోనే చచ్చుబడింది. తేల్చుకుందామని మర్నాడు సింహాచలం కొండ ఎక్కించాను. అది అంత ఎత్తేమీ కాదు, అయినా సగం దారిలో అదే బొంగురు, అదే పొగ.

ఒక సర్వీస్ సెంటర్లో చూపిస్తే డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. మార్పేమీ లేదు. రెండోసారి వెళ్తే స్కానర్ పెట్టి, "టర్బో పోయింది సార్, మార్చాలి, 58 వేలవుతుంది" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకా లాంటి భాగం. దాని సీలు పోతే ఇంజిన్ ఆయిల్ కాలి నీలం పొగ రావాలి, ఆయిల్ తగ్గాలి. నాకు వచ్చేది నల్లపొగ, డిప్‌స్టిక్‌లో ఆయిల్ గీత కదల్లేదు. పైగా గట్టిగా తొక్కినప్పుడల్లా బానెట్లోంచి సుయ్‌మని గాలి పోతున్న చప్పుడు. ఆలోచిస్తామని చెప్పి వచ్చేశాను.

బండి కంప్యూటర్లో పడ్డ లోపాల కోడ్‌లు చదివే, ఫోనుకి కలిసే చిన్న ఓబీడీ రీడర్ ఒకటి కొని, స్టీరింగ్ కింద సాకెట్లో పెట్టాను. కోడ్ పీ0299, అంటే టర్బో నుంచి రావాల్సినంత ఒత్తిడి రావడం లేదని. ఎందుకు రావడం లేదో మాత్రం ఆ కోడ్ చెప్పదు. టర్బో పాడైనా ఇదే కోడ్, మధ్యలో గాలి కారిపోయినా ఇదే కోడ్. ఈ తేడా తెలియకపోతే జేబుకి చిల్లే. మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఫోన్లో లైవ్ రీడింగ్ చూస్తూ ఉండమని మళ్లీ సింహాచలం కొండెక్కాను. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ఒత్తిడి 100 కిలోపాస్కల్. అది మామూలు గాలి ఒత్తిడే. కొండ మీద పూర్తిగా తొక్కినా 125 దాటలేదు.

ఆ అంకెలు రాసుకుని, డీజిల్ బండ్ల పనిలో ముప్పై ఏళ్లున్న ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్లాను. "టర్బో సంగతి తర్వాత బాబూ, ముందు గాలి ఎక్కడ పోతందో చూద్దాం" అన్నాడు. టర్బో ముందున్న పైపు ఊడదీసి, వాల్వు బిగించిన పీవీసీ మూత ఒకటి అక్కడ పెట్టి, కంప్రెసర్‌తో పది పన్నెండు పీఎస్ఐ మాత్రమే గాలి ఎక్కించాడు. పైపులన్నిటి మీదా సబ్బునీళ్లు చల్లాడు. పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే. టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు హోస్ అడుగున, దాన్ని బిగించే క్లాంపు పక్కనే నురగ పొంగింది. పైనుంచి చూస్తే పైపు నిక్షేపంగా ఉంది. వేలు పెట్టి వంచితే రెండంగుళాల చీలిక. ఇంజిన్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఏళ్ల తరబడి తగిలి రబ్బరు మెత్తబడిపోయిందట.

చదును రోడ్డు మీద ఎందుకు తెలియలేదో ఆయన చెప్పాకే అర్థమైంది. అక్కడ టర్బో పెద్దగా పని చేయక్కర్లేదు, చీలిక మూసుకునే ఉంటుంది. కొండెక్కేటప్పుడు ఒత్తిడి పెరిగి నోరు తెరుస్తుంది. గాలిని కొలిచే సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ లెక్క ప్రకారం డీజిల్ పడుతుంది. గాలేమో దారిలో కారిపోతుంది. సరిగా కాలని డీజిలే ఆ నల్లపొగ.

పనిలో పనిగా టర్బో ఇరుసు కూడా పట్టుకుని కదిపి చూశాడు. ముందుకీ వెనక్కీ ఆట లేదు, రెక్కలు ఎక్కడా రాసుకోలేదు. హోస్, రెండు కొత్త క్లాంపులు, కూలీ కలిపి 3,400 రూపాయలు. కోడ్ చెరిపేశాం.

పోయిన ఆదివారం మళ్లీ అందర్నీ ఎక్కించుకుని అరకు వెళ్లాను. ఆగిపోయిన మలుపు థర్డ్ గేర్లో ఎక్కేసింది, తమ్ముడి ఫోన్లో ఒత్తిడి 210 చూపించింది. అమ్మ ఆ మలుపు దాటే దాకా ముందు సీటు పట్టుకునే ఉంది. ఘాటీ ఎక్కిన వెంటనే ఇంజిన్ ఆపొద్దని, ఒక నిమిషం ఐడిల్‌లో వదిలితే టర్బో చల్లబడుతుందని పెద్దాయన చెప్పాడు, అలాగే చేస్తున్నాను. కొత్త రబ్బరు సర్దుకుంటుంది కాబట్టి అయిదు వందల కిలోమీటర్లయ్యాక క్లాంపులు మరోసారి బిగించాలి. ఈ వారంలో ఆ పని ఉంది.