టెక్సాస్ బడి లైబ్రరీలో తెలుగు అర

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఎలిమెంటరీ స్కూళ్లకు మనవాళ్లు తెలుగు పుస్తకాలు అట్టపెట్టెల్లో తెచ్చి ఇస్తుంటారు. సూట్‌కేసులో బట్టల మధ్య సర్దుకుని, బరువు లెక్క చూసుకుని తెచ్చుకున్న పుస్తకాలవి. ఇంత అపురూపంగా వచ్చినవి పిల్లల చేతికి చేరకుండా వెనక గదిలో ఉండిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ లైబ్రరీల్లో పనిచేసే తెలుగువాళ్లు, పుస్తకాలిచ్చే తల్లిదండ్రులు కొన్ని సంగతులు తెలుసుకుంటే అలా జరగదు.

ముందు పెట్టె కాదు, జాబితా ఇవ్వండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న సెనేట్ బిల్లు 13 ప్రకారం, టెక్సాస్ ప్రభుత్వ బడి కొత్త పుస్తకం కొన్నా, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా, ఆ జాబితాను కనీసం 30 రోజులు అందరికీ కనిపించేలా ఉంచాలి. ఆ తర్వాత స్కూల్ బోర్డు ఆమోదించాలి. ఇంగ్లీషు పుస్తకానికైతే స్కూల్ లైబ్రరీ జర్నల్, కర్కస్, బుక్‌లిస్ట్ లాంటి పత్రికల సమీక్షలు చూపించవచ్చు. తెలుగు పిల్లల పుస్తకానికి ఆ ఆసరా దొరకడం కష్టం. అందుకని పేరు, రచయిత, ప్రచురణకర్త, అచ్చయిన సంవత్సరం, ఏ తరగతికి పనికొస్తుందో రాసి, కథను మూడు నాలుగు వాక్యాల ఇంగ్లీషులో జతచేయాలి. తెలుగు చదవలేని బోర్డు సభ్యుడి చేతిలో ఉండే సమీక్ష అదొక్కటే. చాలా పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ సంఖ్య) ఉండదు, కొన్నిటికి సంవత్సరం కూడా ఉండదు. లోపలి అట్ట, ముందుమాట చివర, వెనక అట్ట వెతికి చూడాలి.

ఎంపిక దగ్గర ఒక మాట. ఇక్కడ పుట్టిన ఏడేళ్ల పిల్ల తెలుగు మాట్లాడుతుంది, చదవడం తక్కువ. పుస్తకం ఇంటికి వెళ్లాక రాత్రి పక్క మీద చదివి వినిపించేది అమ్మో నాన్నో. అందుకే పేజీకి మూడు నాలుగు వాక్యాలు, పెద్ద అక్షరాలు, నోటికి తిరిగే వాడుక భాష ఉన్నవి కావాలి. తెలుగు కింద ఇంగ్లీషు కూడా ఉంటే మరీ మేలు. బరువైన నీతికథల సంపుటాలు ఎంత మంచివైనా ఎలిమెంటరీ అరలో కదలవు.

ఇక కేటలాగు. ఎక్కువ పుస్తకాలు దారితప్పేది ఇక్కడే. పుస్తకం వివరాలు మార్క్ రికార్డులో, అంటే లైబ్రరీ కంప్యూటర్లు చదివే నమూనాలో, అంకెలు వేసిన గళ్లలో (ఫీల్డుల్లో) నింపుతారు. భాష కోడ్ 'టెల్' అని వేయాలి. ఖాళీగా వదిలితే భాష ప్రకారం వెతికినప్పుడు రాదు. పేరు రోమన్ లిపిలో రాసేందుకు అమెరికా లైబ్రరీలు పాటించే పద్ధతిలో 'చ'కి 'సి' ఒక్కటే. 'హెచ్' కలిపితే అది 'ఛ' అవుతుంది. కాబట్టి 'చేప' అన్న పేరు రికార్డులో సి-ఇ-పి-ఎ అని చేరుతుంది, 'ఇ' మీద దీర్ఘపు గీతతో. మన పిల్లలు కొట్టేది సి-హెచ్-ఇ-పి-ఎ. పుస్తకం అరలోనే ఉంటుంది, కంప్యూటరేమో లేదంటుంది. దీనికి మందు 246వ ఫీల్డు: అందులో ఇంట్లో రాసుకునే స్పెల్లింగును ఇంకో పేరుగా చేర్చాలి, రెండు మూడు రకాలుంటే అన్నీ. 880వ ఫీల్డులో తెలుగు లిపిలోనే పేరు ఇవ్వాలి. అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే ఫైలు యూనికోడ్‌లో, అంటే తెలుగుతో సహా అన్ని లిపులూ చూపగల కంప్యూటర్ పద్ధతిలో, ఉందో లేదో చూడాలి. పాత మార్క్-8 అక్షరమాలలో తెలుగు లేనే లేదు.

రచయిత పేరు దగ్గర మరో చిక్కు. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు పొడి అక్షరంగా. తెలియనివాళ్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుని దాని మొదటి మూడక్షరాలు పుస్తకం చోటు చెప్పే లేబుల్ మీద వేస్తారు. అదే రచయిత ఇంకో పుస్తకం ఇంకోచోట చేరుతుంది. ఇంటిపేరు పూర్తిగా కనుక్కుని అన్ని పుస్తకాలకూ ఒకేలా వేయాలి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, జానపద కథలు 398.2. బొమ్మల పుస్తకాలకు ఆ అంకెల జోలికి పోకుండా, తెలుగు అని గుర్తు వేసి విడి అర పెట్టడమే నయం. బడికి వచ్చిన అమ్మమ్మ కూడా దాన్ని కనిపెట్టగలదు.

మన పిల్లల పుస్తకాలు ఎక్కువగా రెండు పిన్నులు కొట్టిన పల్చటివి. వీపు లేదు కాబట్టి లేబుల్ ముందు అట్ట ఎడమ మూల కింద అంటించి, పైన పారదర్శకమైన లేబుల్ కవచం వేయాలి. నడిమి పేజీ పిన్నుల దగ్గర చిరగడం మొదలవుతుంది. తెరిచి ఆ మడత మీద పుస్తకాల టేపు ముందే వేస్తే చాలాకాలం నిలుస్తుంది. మామూలు సెల్లోటేపు వద్దు. అది పసుపుపచ్చగా మారి, జిగురు కారి పక్క పేజీని పట్టుకుంటుంది.

చివరిది కలుపు తీయడం, అంటే పనికిరాని పుస్తకాలను అరలోంచి తీసేయడం. ఇక్కడా దీన్ని 'వీడింగ్' అనే అంటారు, పొలం మాటే. 1976లో టెక్సాస్‌లోనే పుట్టిన 'క్రూ' పద్ధతిలో ఒక్కో విభాగానికి రెండు అంకెలు ఉంటాయి: అచ్చయి ఎన్నేళ్లయింది, ఎవరూ తీసుకోక ఎన్నేళ్లయింది. వైద్యం పుస్తకాలకు అవి 5, 3. వీటికి తోడు తప్పుదారి పట్టిస్తోందా, పాడైందా, కొత్త ముద్రణ వచ్చిందా అన్న పరీక్షలు ఉంటాయి. ఇండియా గురించిన ఇంగ్లీషు పుస్తకాలు, అట్లాసుల మీద మనవాళ్లే కన్నేసి ఉంచాలి. 2014 జూన్ 2కి ముందు పటంలో తెలంగాణ ఉండదు. 29 రాష్ట్రాలని రాసి ఉంటే 2019 అక్టోబర్ 31కి ముందు లెక్క అది. వరంగల్ నుంచి వచ్చిన పిల్ల తన రాష్ట్రం వెతుక్కుని కనపడక పుస్తకం మూసేస్తే, ఆ పుస్తకం అరలో ఉండకూడదు. తీసేసిన పుస్తకం మీద ముద్ర వేసి, బార్‌కోడ్ కొట్టేసి, రికార్డు కూడా తొలగించాలి.

తెలుగు అరకు మాత్రం ఎవరూ తీసుకోక ఎన్నేళ్లయిందన్న లెక్క గుడ్డిగా వాడొద్దు. ఎవరూ తీసుకోని పుస్తకం కనబడితే ముందు దాని పేరు పిల్లలు రాసే స్పెల్లింగులో కేటలాగులో కొట్టి చూడండి. రాకపోతే తప్పు పుస్తకానిది కాదు. 246 నింపి, అట్ట బయటికి కనిపించేలా నిలబెట్టి, ఇంకో ఏడాది ఉంచండి.