రోళ్లపాడు పోయొచ్చాం: పిట్ట కోసం పోతే పొలాల గురించి తెలిసింది

కర్నూల్లో పుట్టి పెరిగిన చాలామందికి రోళ్లపాడు పేరు తెలుసు కానీ పోయినవాళ్ళు తక్కువ. యాగంటి పోతాం, మహానంది పోతాం, అహోబిలం పోతాం, శ్రీశైలం సంగతి చెప్పనే అక్కర్లేదు, కానీ నందికొట్కూరు దాటి మిడుతూరు వైపు తిరిగితే వచ్చే ఆ గడ్డి మైదానాన్ని చూడ్డానికి బండి తీసినోళ్ళు మా సర్కిల్‌లో నాకైతే ఎవరూ తగల్లేదు. డిసెంబర్లో మా బావ సెలవు మీద వచ్చాడు, ఆయనకి పక్షుల పిచ్చి, బైనాక్యులర్స్ ఉన్నాయి, ఇంకేం ఆలోచించకుండా తెల్లారకముందే బండి తీశాం.

నందికొట్కూర్లో ఉగ్గాని బజ్జి తిని టీ తాగి బయల్దేరేసరికి పొద్దు పొడిచింది. ఆ రోడ్డు పక్కన పొలాలు చూసుకుంటూ పోతే అర్థమైపోద్ది, కేసీ (కర్నూలు-కడప) కాలవ నీళ్ళు అందే చోట మిరప, మొక్కజొన్న, అందని నల్లరేగడి మీద పప్పుశనగ, ఇంకా లోపలికి పోతే ఎర్రనేల, రాళ్ళు, కంపచెట్లు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా జొన్న, కొర్ర, బుడ్డలు (వేరుశనగ), ఆముదాలు, అంతా వానాధారం. ఒక కారు పంట, మిగతా నెలలు బీడు. ఆ బీడే బట్టమేక పిట్టకి ఇల్లు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టే తిరుగుద్ది.

బట్టమేక పిట్ట అంటే తెలియనోళ్ళ కోసం చెప్తా. ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటారు. మీటరు ఎత్తు ఉంటది, మగది 15 కిలోల దాకా తూగుద్ది, ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైన వాటిల్లో ఇదొకటి. ఉత్త నేల మీద మామూలుగా ఒక్కటంటే ఒక్కటే గుడ్డు పెడతది. గూడు గీడు ఏం ఉండదు. ఆ గుడ్డు మీద ఒక గొర్రె కాలేసినా, కుక్క చూసినా, ట్రాక్టర్ పోయినా ఆ ఏడాదికి అంతే. దానికి ముందువైపు చూపు సరిగ్గా ఆనదు కాబట్టి కరెంటు తీగలు కనపడక గుద్దుకుని చచ్చిపోతాయి, రాజస్థాన్‌లో ఇదే పెద్ద సమస్య, 2021లో సుప్రీంకోర్టు దాకా పోయింది ఈ తీగల విషయం. దేశం మొత్తమ్మీద ఇప్పుడు 150 అటూ ఇటూ మిగిలాయని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే.

మన రోళ్లపాడు శాంక్చురీని దీని కోసమే 1988లో పెట్టారు. 614 హెక్టార్లు, అంటే 1,500 ఎకరాల పైచిలుకు. అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా కిందికి పోయింది.

లోపలికి పోగానే జింకలు. కృష్ణజింకలు, నల్లటి మగవి కొమ్ములు మెలి తిరిగి, ఆడవి పిల్లలు గుంపులు గుంపులుగా, మమ్మల్ని చూసి కాసేపు నిలబడి తర్వాత ఒకదాని వెనక ఒకటి ఎగురుకుంటూ పోయినయ్, ఆ ఎగరడం చూడ్డానికి మాత్రమే పోయినా డబ్బులు వచ్చేసినట్టే. పాలపిట్టలు, గడ్డిలోంచి బుర్రున లేచే పూరేళ్ళు, సాయంత్రం అయితే హారియర్ గద్దలు, మధ్య ఆసియా నుంచి చలికాలానికి వస్తాయి ఇవి, మిడతల్ని పట్టి తింటాయి, రాత్రి చెట్ల మీద కాకుండా గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. అంటే పొడుగ్గా పెరిగిన గడ్డి లేకపోతే వాటికి రాత్రి పడక లేదు. గడ్డి అంటే మనోళ్ళకి ఖాళీ జాగా, బంజరు, ఎవడికీ పనికిరాని భూమి. నాకు చాలా బాధేసే విషయం ఇది, అడవి అంటే చెట్లే అనుకుని గడ్డిభూమిలో మొక్కలు నాటడాన్ని కూడా మంచిపని అనుకుంటాం మనం.

బట్టమేక పిట్ట మాత్రం కనపళ్ళేదు. కనపడదని తెలిసే పోయాం. అక్కడ పనిచేసే ఒకాయన, వయసులో పెద్దాయనే, చిన్నప్పుడు చేన్లలో మూడు నాలుగు కలిసి తిరిగేటియ్యని చెప్పాడు. "మగది గొంతు సంచి ఉబ్బించి హూమ్మని అరిస్తే ఊరి దాకా ఇనపడేది సామీ, మా నాయన దాన్ని ఇని వానొస్తాదని చెప్పేటోడు" అన్నాడు. ఇప్పుడు ఏళ్ళకేళ్ళు కనపడట్లేదంట.

ఎందుకు పోయినయ్ అని అడిగితే ఆయన కంచె వైపు కాకుండా బయటికి, పొలాల వైపు చెయ్యి చూపించాడు.

అక్కడి నుంచి మా ట్రిప్ మారిపోయింది. మధ్యాహ్నం దాకా శాంక్చురీ చూసి మిగతా టైమంతా చుట్టుపక్కల చేన్లలో రైతులతోనే గడిపాం. ఎందుకంటే 1,500 ఎకరాలు ఇంత పెద్ద పిట్టకి ఏ మూలకీ చాలవు. అది తిరిగేది, తినేది చాలావరకు పట్టా భూముల్లోనే. కంచె లోపల గడ్డి ఎంత బాగా కాపాడినా బయట రైతు ఏం పంట వేస్తున్నాడు, ఎప్పుడు దున్నుతున్నాడు, ఏం మందు కొడుతున్నాడు అన్నదే అసలు సంగతి. అలగనూరు రిజర్వాయర్ వచ్చింది, బోర్లు వచ్చినయ్, వానాధారం పోయి రెండు కార్లు పంట అయ్యింది, బీడు పోయింది, మందులు కొట్టాక మిడతలు పోయినయ్. గని శకునాల దగ్గర 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది, వేల ఎకరాల మెట్ట భూమి పలకల కిందికి పోయింది. నేను సోలార్‌కి వ్యతిరేకం కాదు, నీళ్ళకి అసలే వ్యతిరేకం కాదు, రాయలసీమలో పుట్టినోడు నీళ్ళొద్దని ఎట్లా అంటాడు. కానీ ఇవన్నీ వచ్చేటప్పుడు ఆ పిట్ట గురించి రైతుని కూర్చోబెట్టి మాట్లాడినోళ్ళు ఎవరూ లేరు.

ఒక పెద్దాయన, ఎర్రనేల ఆరెకరాలు, కంది వేశాడు, చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి జింకల కోసం. మంచె మీద నుంచి దిగొచ్చి కూర్చున్నాడు. "పిట్టతో మాకేం పంచాయితీ ల్యా అప్పా. అది పురుగుల్ని తింటాది, మంచిదే. ఈ జింకలే చంపుతాండాయి. గుంపు పడితే ఒక్క రాత్రికి చేను కాళీ. దాన్ని కొట్టకూడదు, మేం మాత్రం రాత్రంతా నిద్ర ల్యాకుండా కావిలి కాయాల" అన్నాడు. ఆ కోపంలో న్యాయం ఉంది. పిట్ట కోసం కంచె వేస్తే లోపల జింకలు పెరిగాయి, నష్టం మాత్రం బయటి రైతుకి. నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు నిజమే, కానీ తిరగడానికి పోయే రోజుల కూలి ఎవరిస్తారని ఆయన ప్రశ్న.

నేను మెల్లిగా విషయం ఎత్తాను. రైతు తనంతట తాను ముందుకొచ్చి నా భూమిలో జీవాల్ని కాపాడతా అంటే దానికి చట్టంలో దారి ఉంది. 1972 వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో 36సీ అనే సెక్షన్ వచ్చింది, కమ్యూనిటీ రిజర్వ్ అంటారు. ఊరు గానీ ఒక మనిషి గానీ స్వచ్ఛందంగా ఒప్పుకుంటేనే ప్రభుత్వం ప్రకటిస్తది, భూమి గుంజుకోరు, పట్టా రైతు పేరు మీదే ఉంటది. 2022 సవరణలో ఇంకో మంచి మార్పు వచ్చింది, సొంత భూమి మీద రిజర్వ్ అయితే కమిటీలో భూమి ఓనరు, అటవీ శాఖ మనిషి, పంచాయితీ మనిషి ఉండాలి. అంటే రైతు కుర్చీలో కూర్చుంటాడు, బయట నిలబడడు.

"మరి నేను ఏం చేయొచ్చు ఏం చేయకూడదు?" అన్నాడు ఆయన వెంటనే. ఇదీ అసలు ప్రశ్న. ఒకసారి నోటిఫై అయ్యాక ఆ భూమి వాడకాన్ని మార్చాలంటే కమిటీ తీర్మానం కావాలి, దానికి ప్రభుత్వం ఆమోదం కూడా కావాలి. నిప్పు పెట్టకూడదు, జీవాలకి హాని చేసే మందులు వాడకూడదు, వేట అసలే కూడదు. కానీ భూమి వాడకం మార్పు అంటే ఏంటి? కంది తీసేసి పత్తి పెడితే మార్పా? బోరు వేస్తే? మామిడి తోట పెడితే? గొర్రెలోళ్ళని మందకి రానిస్తే? అక్కడున్న ఇంకో కుర్రోడు, కౌలుకి చేసేవాడు, "బ్యాంకోళ్ళు క్రాప్ లోను ఇస్తారా అన్నా ఆ భూమి మీద?" అన్నాడు. ఇవి నేను సమాధానం చెప్పేసే ప్రశ్నలు కావు, ఒప్పందంలో ముందే రాసుకోవాల్సిన ప్రశ్నలు. ఆ సెక్షన్లలో ఎన్నేళ్ళకి అన్నది లేదు, ఎకరాకి ఇంత ఇస్తామన్నదీ లేదు. అది లేకుండా ఏ రైతు సంతకం పెడతాడు?

బలవంతంగా చేస్తే ఏమవుద్దో మనకి ఎదురుగానే ఉదాహరణలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో కరేరా అని 1981లో ఇదే పిట్ట కోసం శాంక్చురీ పెట్టారు, అందులో రైతుల సొంత భూములు కూడా కలిపేశారు, భూమి అమ్ముకోవడానికి లేదు, పెళ్ళికి అప్పు పుట్టదు, జనం పిట్టని శత్రువుగా చూశారు, 1990ల్లోనే అక్కడ పిట్ట కనపడకుండా పోయింది, చివరికి శాంక్చురీ కూడా రద్దయ్యింది. మహారాష్ట్రలో షోలాపూర్ వైపు 1979లో ఏకంగా 8,000 చదరపు కిలోమీటర్ల పైన ప్రకటించారు, ఊళ్ళూ పట్నాలూ అన్నీ అందులోనే, తర్వాత 1,200 దాకా తగ్గించుకోవాల్సొచ్చింది.

దీనికి పూర్తి రివర్స్‌లో అమెరికాలో ఒకటి చేశారు, సేఫ్ హార్బర్ అంటారు. 1995లో నార్త్ కరోలినాలో ఒక రకం వడ్రంగి పిట్ట కోసం మొదలైంది. అక్కడి భూమి ఓనర్లు చెట్లు ముదరక ముందే కొట్టేసేవాళ్ళు, పిట్ట వచ్చి గూడు పెడితే చట్టం వచ్చి నెత్తిన కూర్చుంటదని భయం. అప్పుడు ప్రభుత్వం ఏమందంటే, ఈ రోజుకి నీ భూమిలో ఎన్ని పిట్టలుంటే ఆ లెక్క రాసుకుందాం, నువ్వు మంచిగా చూసుకుని అవి పెరిగితే పెరిగినవాటి వల్ల నీ మీద కొత్త ఆంక్షలు పెట్టం, మేపుకో, చెట్లు పలచన చేసుకో, చేయాల్సిన పనులు ఇవీ అని కాగితం మీద రాసిచ్చింది. నేనిది చెప్తుంటే పెద్దాయన "అదీ, ఆ మాట రాసియ్యమను" అన్నాడు. అంతవరకు పక్కకి చూస్తూ మాట్లాడినాయన ఇప్పుడు నా వైపు తిరిగి కూర్చున్నాడు.

మా బావ నోట్‌బుక్ తీశాడు, రోళ్లపాడు చుట్టూ అయితే అట్లాంటి కాగితంలో ఏం ఉండాలో వాళ్ళనే అడిగాం. పిట్ట గుడ్లు పెట్టే వానాకాలంలో ఒక ముక్క బీడు పెట్టగలరంట, పూర్తి ఆరెకరాలు కాదు, ఒక ఎకరం, అది కూడా శాంక్చురీ కంచె వైపు ఉండే ఎకరం. గడ్డి ముదిరాక కోసుకోనివ్వాలి, ఎద్దులకి అదే మేత. జొన్న, కొర్ర వేయమంటే వేస్తారంట, కానీ పత్తికీ మిరపకీ వచ్చేదానికీ దీనికీ తేడా ఎవరో ఒకరు కట్టాలి, అది కూడా విత్తనం ముందు కట్టాలి, పంట అయిపోయాక కాదు. కొత్తగా స్తంభాలు వేసి తీగలు లాగే ముందు ఊరిని అడగాలి. జింకల నష్టానికి ఇచ్చే డబ్బులు బ్యాంకు పాస్‌బుక్‌లోనే పడాలి, ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. ఇంత స్పష్టంగా చెప్పారు. మనం టౌన్లో కూర్చుని రైతులకి అవగాహన లేదు అంటుంటాం, నిజం చెప్తున్నా, ఆ చేను గట్టు మీద విన్నంత క్లారిటీ నేను ఏ మీటింగులోనూ వినలేదు.

మనోళ్ళు చేయలేరని కాదు. అనంతపురం వైపు, ఇప్పుడు సత్యసాయి జిల్లా, చిలమత్తూరు మండలం వీరాపురం చూడండి, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కడితే, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు అంటారు వాళ్ళు. వాటి రెట్టల వాసన భరిస్తారు, టపాకాయలు కాల్చరు, ఏ కాగితమూ లేకుండానే. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరులో గూళ్ళున్న చింతచెట్లకి కాయ నష్టం కింద ఓనర్లకి డబ్బులు కూడా ఇచ్చారు. అయితే చెట్టు వేరు చేను వేరు. చింతచెట్టు కాయ పోయినా ఇల్లు గడుస్తది, ఆరెకరాల రైతుకి ఒక ఎకరం అంటే చిన్న సంగతి కాదు, అందుకే ఇక్కడ మంచి మనసు ఒక్కటే చాలదు.

చీకటి పడేదాకా ఉండి కర్నూలుకి తిరిగొచ్చేశాం. పోవాలనుకునేవాళ్ళు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పోండి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, నీళ్ళు మీరే తీసుకుపోండి, ముందే అటవీ శాఖ వాళ్ళని అడిగి పోతే మంచిది, చేన్లలోకి బండి దింపకండి.

వచ్చాక నేను చేసిన పని ఏంటంటే 36సీ, కమిటీ గురించి చెప్పే 36డీ, ఈ రెండు సెక్షన్లనీ మామూలు తెలుగులో రెండు పేజీలు రాసి ఆ కౌలు కుర్రోడికి వాట్సాప్ చేశా. రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు, ఊళ్ళో నలుగురైదుగురు చదివారంట. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న డబ్బుల గురించి కాదు. "అన్నా, భూమి ఉన్నోళ్ళని కమిటీలో ఏసుకుంటారు సరే, పంట కోసినాక మా బీళ్ళలో గొర్రెల్ని మేపుకునే కురుబోళ్ళకి సెంటు భూమి ల్యాదు, మేం బీడులో మేత ఆపేస్తామని సంతకం పెడితే వాళ్ళు యాడికి పోవాల?" అన్నాడు. నేను రాసిన రెండు పేజీల్లో ఆ మాట ఎక్కడా లేదు, చట్టంలో కూడా ఓనరు, శాఖ, పంచాయితీ ఉన్నారు కానీ మేపుకునేవాడు లేడు. సంక్రాంతి అయ్యాక మందలు ఆ వైపు దిగుతాయంట, అప్పుడు రమ్మన్నాడు, గొర్రెలోళ్ళని కూడా పిలుస్తానన్నాడు. బావ సెలవు అయిపోయింది కానీ నేను పోతున్నా, ఈసారి నోట్‌బుక్ నా దగ్గరే ఉంది.