ఒబామా గదిలో నాలుగు రాత్రులు

హవానాలో నేను తిన్న మొదటి కోడి అమెరికా కోడి. వెదాదో పేటలో నేను దిగిన ఇంటి వెనక సందులో ఒక ప్రైవేటు కొట్టుంది. అక్కడ అట్టపెట్టెల్లో గడ్డకట్టిన కోడికాళ్ళు అమ్ముతున్నారు. పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలు, పక్కన జార్జియా రాష్ట్రం పేరు. "మీ దగ్గర్నుంచే వచ్చింది" అంది ఇంటావిడ, నేనే సంచిలో పెట్టుకు తెచ్చినట్టు.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. పాస్‌పోర్టు ఇండియాది, గ్రీన్‌కార్డు అమెరికాది. క్యూబా సంగతి వచ్చేసరికి పాస్‌పోర్టును ఎవరూ చూడరు. అమెరికాలో ఉంటున్నావు కాబట్టి అమెరికా చట్టమే నీకూ వర్తిస్తుందంటారు. ఆ చట్టం ప్రకారం సరదాగా చూసి రావడానికి వెళ్ళకూడదు. అనుమతించిన కారణాలు పన్నెండున్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. విమానం టికెట్ కొనేటప్పుడు నేను "క్యూబా ప్రజలకు మద్దతు" అన్న గడిలో టిక్కు పెట్టాను. అంటే సర్కారు హోటళ్ళలో దిగకుండా జనం ఇళ్ళలో దిగాలి, జనం కొట్లలో కొనాలి, రసీదులు దాచాలి (అప్పట్లో ఐదేళ్ళు, 2025 మార్చి నుంచి పదేళ్ళు). అమెరికా కార్డులు అక్కడ గీకినా పనిచెయ్యవు. అందుకని నోట్లకట్ట నడుముకు కట్టుకుని, 2024 డిసెంబర్ ఆఖరి వారంలో మయామీలో విమానం ఎక్కాను. గంట కూడా పట్టలేదు.

ఇంత కట్టడిలో కోడి ఎలా దాటిందన్నది నాకు కాస్త తర్వాత అర్థమైంది. 1962 ఫిబ్రవరి 3న అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబా మీద వాణిజ్య ఆంక్షలకు సంతకం పెట్టాడు. (దానికి ముందు తన చేత వెయ్యికి పైగా క్యూబా చుట్టలు తెప్పించుకున్నాడని ఆయన ప్రెస్ సెక్రటరీ శాలింజర్ తర్వాతెప్పుడో బయటపెట్టాడు.) 2000లో వాళ్ళ కాంగ్రెసు తిండి సరుకులకు సందు వదిలింది. అమ్ముకోవచ్చు గానీ సొమ్ము ముందే చేతిలో పడాలి. మా ఊరి కిరాణా కొట్లో "అప్పు రేపు" అని బోర్డుండేది, అదే ఇక్కడ చట్టం. మరుసటి ఏడు మిషెల్ తుఫాను క్యూబాను పడగొట్టి పోయాక తొలి ఓడలు కదిలాయి. అంటే జార్జియా కోళ్ళరైతుకు పనికొచ్చినంత మేర ఆంక్షల్లో తలుపుందన్నమాట.

అసలు నేను వెళ్ళింది మా నాన్న పోరు పడలేక. ఖమ్మం జిల్లాలో మా ఇంటి వసారాలో క్యూబా విప్లవ నాయకుడు ఫిడెల్ కాస్త్రో బొమ్మ ఇప్పటికీ ఉంది. 1992లో, సోవియట్ కూలిపోయి క్యూబా ఆకలితో ఉన్నప్పుడు, పార్టీ నాయకుడు సూర్జీత్ పిలుపిస్తే సీపీఎం వాళ్ళు 10,000 టన్నుల గోధుమలు ఓడకెక్కించారు. అప్పుడు ప్రధాని మన పీవీ. వరన్నం తప్ప ఎరగని మా ఊళ్ళో గోధుమల కోసం చందా పుస్తకం పట్టుకుని గడపగడపా తిరిగాడు నాన్న. ఆ గోధుమలు తిన్నవాళ్ళెవరైనా కనిపిస్తే అడిగి రమ్మన్నాడు.

ఇంటావిడకు డెబ్భై దాటాయి. బళ్ళో రష్యన్ చెప్పేదట. సోవియట్ పోయాక రష్యన్ ఎవరికీ అక్కర్లేకపోయింది, టీచర్లను కూచోబెట్టి ఇంగ్లీషు నేర్పారు. "నలభై ఏళ్ళప్పుడు మళ్ళీ ఏ బి సి డిలు" అని నవ్వింది. గోధుమల సంగతి అడిగితే, ఆ రోజుల్లో రొట్టె ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరు అడిగారు, వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న అంది. చైనా సైకిలు మీద పన్నెండు కిలోమీటర్లు తొక్కి బడికి వెళ్ళిన సంగతి మాత్రం అడక్కుండానే చెప్పింది.

రెండో రోజు పొద్దున ఆవిడతో బొదేగాకి వెళ్ళాను. బొదేగా అంటే మన కంట్రోలు షాపు. అదే చెక్క బల్ల, అదే త్రాసు, బల్లకు అవతల అదే విసుగు మొహం. కార్డును లిబ్రేతా అంటారు. అదీ 1962లోనే పుట్టింది, ఆంక్షలూ అదీ కవలపిల్లలు. నల్లబల్ల మీద సుద్దముక్కతో సరుకుల పేర్లు, ఎదురుగా ఎవరికెంతో రాసుంది. బియ్యం ఎదురుగా గడి ఖాళీ. నూనె ఎదురుగా ఖాళీ. రోజూ మనిషికొక రొట్టె మాత్రం ఇస్తారు. అది 2024 ఆగస్టు దాకా 80 గ్రాములు, ఆ సెప్టెంబర్ నుంచి 60. నా అరచేతిలో పెట్టింది. పిడికిలి మూస్తే కనపడకుండా పోయింది.

నాన్నకు వీడియో కాల్ చేశాను. "ఏరా, కంట్రోల్లో ఏమిస్తన్నారు?" అన్నాడు. రొట్టె చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదంతా అమెరికావాళ్ళ ఆంక్షల వల్లే" అన్నాడు.

ఆ మాట ఆవిడకు తర్జుమా చేసి చెప్పాను. అక్కడ ఆంక్షల్ని బ్లొకేయో అంటారు, దిగ్బంధం. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. బయటి బ్లొకేయో ఒకటి, అమెరికాది. లోపలి బ్లొకేయో ఒకటి, సొంత సర్కారుది. "మీ నాన్నగారు ఒకటే లెక్కపెట్టారు. మయామీలో మా తమ్ముడు రెండోదే లెక్కపెడతాడు."

నేనున్న గదికి ఆ ఇంట్లో ఒబామా గది అని పేరు. 2015లో అమెరికా, క్యూబా ఎంబసీలు మళ్ళీ తెరుచుకున్నాయి, 2016 మార్చిలో ఒబామా స్వయంగా దిగాడు. అతిథులు వస్తారని తమ్ముడు పంపిన డాలర్లతో ఈ గది కట్టించి ఏసీ పెట్టించింది. మూడేళ్ళు గది ఖాళీ లేదట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆవిడ గొంతే మారిపోయింది. ఒబామా వెళ్ళిన వారానికే ఫిడెల్, సామ్రాజ్యం కానుకలేవీ మాకక్కర్లేదని రాశాడు. 2017లో కొత్త ప్రైవేటు లైసెన్సులు ఆపేసింది క్యూబా ప్రభుత్వమే. ఆనక ట్రంప్ ఆంక్షలు బిగించాడు, 2019లో అమెరికా క్రూయిజ్ ఓడలు ఆగిపోయాయి. ఇప్పుడు ఏసీ ఉంది, కరెంటు ఉండదు. నేను వెళ్ళేనాటికి రెండు నెలల్లో మూడుసార్లు దేశం మొత్తం చీకటైంది. కరెంటు పోవడాన్ని అపగోన్ అంటారు. మనం "కరెంటు పోయింది" అని నిట్టూర్చినంత మామూలుగా అంటారు ఆ మాట.

హాల్లో ఒక పాత ఫొటో ఉంది. చెరువుగట్టు, పరంజీలు, చొక్కాల్లేని పదిమంది మగవాళ్ళు. వాళ్ళలో ఒకడు ఆవిడ తండ్రి, మేస్త్రీ. హనోయ్‌లో పశ్చిమ సరస్సు ఒడ్డున క్యూబా వియత్నాంకు కానుకగా కట్టిచ్చిన థాంగ్ లోయ్ హోటల్ అది, 1975లో తెరిచారు. నాకు నోట మాట రాలేదు. 2019లో నేను ఆ గట్టు మీదే పొద్దున్నే నడిచాను, నత్తల సూపు తిన్నాను. అది ఎవరు కట్టారో అప్పుడు తెలియదు. ఆ రోజుల్లో ఇచ్చిన చెయ్యి క్యూబాది. ఇప్పుడు వియత్నాం క్యూబాకు బియ్యం దానం చేస్తోంది.

వియత్నాం మీద అమెరికా ఆంక్షలు ఎత్తేసింది క్లింటన్, 1994లో. తేదీ ఫిబ్రవరి 3. కెనెడీ సంతకానికి సరిగ్గా 32 ఏళ్ళు. 58 వేలమంది సొంత సైనికులు చచ్చిపోయిన దేశంతో చెయ్యి కలిపినవాళ్ళు, పక్కింటి దీవితో కలపలేకపోయారు. ఫ్లోరిడాలో క్యూబావాళ్ళకున్నన్ని ఓట్లు వియత్నాంవాళ్ళకు ఎక్కడా లేవు మరి. 2024లో అమెరికా వియత్నాం దగ్గర కొన్న సరుకు 130 బిలియన్ డాలర్లు దాటింది. అయితే హనోయ్‌లో పార్టీ ఇప్పటికీ ఒకటే, ఎదురు రాసిన విలేకరి ఇప్పటికీ జైల్లోనే. వ్యాపారం వెంటే ఓటు వస్తుందన్నవాళ్ళు అక్కడ తప్పారు. ఆకలి పెడితే ప్రభుత్వం కూలుతుందన్నవాళ్ళు ఇక్కడ తప్పారు. తప్పుల్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను హనోయ్ తప్పునే ఎంచుకుంటాను, అక్కడ కడుపు నిండింది. కాకపోతే నాన్నకు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. వియత్నాం వాళ్ళు తమ రైతు చేతికి పొలం, కొట్టువాడికి కొట్టు వదలడం 1986లోనే మొదలుపెట్టారు, ఆంక్షలుండగానే.

మూడోరోజు కొప్పేలియా ఐస్‌క్రీమ్ పార్కు ముందు వరసలో నిలబడ్డాను, గంటా పావు. ఉన్నది ఒకటే రుచి. తలెత్తితే 42 అంతస్తుల కొత్త హోటల్, అద్దాల గోడ. అది సైన్యం చేతిలోని కంపెనీలది. మా ఆఫీసులో హవానా నుంచి వచ్చేసినవాడొకడున్నాడు. "నువ్వక్కడ పెట్టే ప్రతి డాలరూ సైన్యం జేబులోకే" అని నేను బయల్దేరేముందు గొడవపడ్డాడు. ఆ గోపురం కింద నిలబడి అతనితో వాదించడం కష్టం. కరెంటు కేంద్రాలు తుప్పుపట్టిపోతుంటే ఈ హోటల్ కట్టమని ఏ ఆంక్షా చెప్పలేదు. కానీ నేనిచ్చిన గది అద్దె వెళ్ళింది రష్యన్ టీచరు చేతికి. అప్పట్లో ఆవిడ నెల పెన్షనుకు ముప్ఫై గుడ్ల అట్ట కూడా వచ్చేది కాదు.

వచ్చేరోజు రసీదు అడిగాను. ఎందుకంది. అమెరికా ప్రభుత్వానికి, నేను మీకు మద్దతిచ్చానని రుజువు అన్నాను. పడీ పడీ నవ్వింది. లోపలికెళ్ళి పాత రష్యన్ కాపీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, టీచరమ్మ గుండ్రటి చేతిరాతతో రాసిచ్చింది. గది, 4 రాత్రులు. కాఫీ. గుడ్లు. ఆఖరి గీతలో, కోడి, అని రాసి కాస్త ఆలోచించి, పక్కన "మీదే" అని చేర్చింది.

2034 డిసెంబర్ దాకా దాచాలి.