సీసా మెడ

పొద్దున్న మీటింగులో నన్ను బాటిల్‌నెక్ అన్నారు. తిట్టినట్టేం కాదు, మామూలుగానే. "రివ్యూలన్నీ మీ దగ్గరే ఆగుతున్నాయండీ, బాటిల్‌నెక్ అక్కడే ఉంది" అని. రివ్యూ అంటే టీమువాళ్లు రాసిన కోడ్‌ని నేను చూసి సరేననడం. నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. దారి ఇరుకని వాళ్లంటే, నాకు నోటి దాకా వచ్చిన జవాబు గొంతులోనే ఇరుక్కుంది.

సాయంత్రం మంచినీళ్ల సీసా కడుగుతూ సింకులో బోర్లించాను. గుడగుడమని కాసిని నీళ్లు పడి ఆగాయి. ఒక పెద్ద బుడగ మెడలోంచి పైకి ఎగబాకింది, మళ్లీ కాసిని పడ్డాయి. మెడ సన్నం కాబట్టి ఆలస్యం అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. అది సగమే నిజం. నీళ్లు దిగితే ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికీ ఆ మూతి తప్ప వేరే దారి లేదు. ఒకటి ఆగితే తప్ప రెండోది కదలదు. మళ్లీ నింపి, ఈసారి బోర్లించి గిర్రున తిప్పాను. నీళ్లు గోడలకి అంటుకుని సుడి తిరిగాయి, నడిమధ్య సన్నటి గొట్టంలా దారి పడింది, గాలి అందులోంచి పైకి పోయింది. చప్పుడే లేదు. బోర్లిస్తే పదిహేను లెక్కపెట్టేదాకా పట్టింది, తిప్పితే ఏడుకే ఖాళీ. మెడ మాత్రం అదే మెడ! మూడుసార్లు చేశాను, కడగడం సంగతి మర్చిపోయి.

అసలు ఇంగ్లీషువాళ్లు ఇరుకు దారిని బాటిల్‌నెక్, అంటే సీసా మెడ, అనడం 19వ శతాబ్దం చివర్లోనే ఉందట. నాకు నచ్చింది మాత్రం మా కంప్యూటర్లవాళ్ల వాడుక. ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య అన్నీ ఒకే ఇరుకు దారిలో అటూ ఇటూ తిరగాల్సి రావడాన్ని జాన్ బ్యాకస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1977లో ట్యూరింగ్ అవార్డు (కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారం) ప్రసంగంలో 'వాన్ నాయ్‌మన్ బాటిల్‌నెక్' అన్నాడు. ఆ తరహా కంప్యూటర్ అమరికకి వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త పేరే ఉంది. అటూ ఇటూ అన్నదే అసలు కిటుకు. మీటింగులో ఆ ముక్క ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

రాత్రి నా రివ్యూల క్యూ తెరిచి చూశాను. పదకొండు ఉన్నాయి. ఏడు కొత్తవి కావు, నేను కామెంట్లు పెట్టి వెనక్కి పంపితే సరిచేసుకుని తిరిగొచ్చినవి. వాటిలో సగం ఒక్క పేరు మార్చినవీ, ఒక్క లైను తీసేసినవీ.

అయినా మెడని తప్పుపట్టడం ఏమిటో. మెడ ఉండబట్టే బిరడా పడుతుంది, ధారగా పోసుకోగలుగుతాం. అది లేకపోతే సీసా ఎందుకు, బకెట్టు చాలు.

చిన్న మార్పులతో తిరిగొచ్చేవాటిని ఇక నా దాకా తేకుండా వాళ్లలో వాళ్లే చూసుకుంటే మేలని మేనేజరు గారికి మెసేజ్ టైప్ చేశాను. సీసా గోల రాయలేదు. రెండుసార్లు దిద్దాను, ఇంకా పంపలేదు. అదీ నా దగ్గరే ఆగి ఉంది.